సింహాసనం మీద చెయ్యి: 1450 నుంచి 1460 దాకా ఇంగ్లండ్

1460 అక్టోబరు 10న వెస్ట్‌మినిస్టర్‌లో పార్లమెంటు కొలువుదీరి ఉండగా యార్క్ డ్యూక్ రిచర్డ్ బూరలు మోగుతుండగా, ముందొకడు ఒరలేని కత్తిని నిటారుగా పట్టుకుని నడుస్తుండగా లోపలికి వచ్చాడు. ప్రభువుల మధ్యగా నడిచి, ఖాళీగా ఉన్న సింహాసనం దగ్గర ఆగి, దాని మీది దిండుపై చెయ్యి వేశాడు. చెయ్యి తీయకుండానే సభ వైపు తిరిగి, జయజయధ్వానాల కోసం కాసేపు నిలబడ్డాడు. ఒక్కరూ నోరు మెదపలేదు. చివరికి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ బౌర్షియే దగ్గరికి వచ్చి, రాజుగారిని దర్శించుకుంటారా అని అడిగాడు. ఈ రాజ్యంలో నేను వెళ్ళి దర్శించవలసినవాడు ఎవడూ లేడు, నా దగ్గరికే రావలసినవాళ్ళున్నారు అన్న అర్థం వచ్చేలా రిచర్డ్ జవాబిచ్చాడు. ఈ ఘట్టాన్ని రాసిపెట్టినవాడు సెయింట్ ఆల్బన్స్ మఠాధిపతి జాన్ వీథమ్‌స్టెడ్.

ఆ సభలో ఉన్నవాళ్ళు డ్యూక్‌కు శత్రువులు కారు. మూడు నెలల కిందటే నార్తాంప్టన్ దగ్గర అతని పక్షం యుద్ధం గెలిచింది, రాజు ఆరవ హెన్రీ ఆ పక్షం చేతుల్లోనే ఉన్నాడు, శత్రుపక్షంలోని పెద్దలు కొందరు చచ్చిపోయారు, మిగిలినవాళ్ళు దూరంగా ఉన్నారు. అంటే ఆ నిశ్శబ్దం సొంతవాళ్ళ నిశ్శబ్దం. ఎన్నో ఏళ్ళుగా నేను ఈ కాలం గురించి చదువుతున్నాను గానీ, నన్ను మళ్ళీమళ్ళీ ఆపేసే చోటు ఇదే.

డిగ్రీలో చరిత్ర చదువుకున్న రోజుల్లో ఈ పదేళ్ళ కథ మాకు నాలుగు వాక్యాల్లో అయిపోయింది. మూడవ ఎడ్వర్డ్ కొడుకుల సంతానంలో రాజు హెన్రీది లాంకాస్టర్ శాఖ, ఎర్రగులాబీ; డ్యూక్‌ది యార్క్ శాఖ, తెల్లగులాబీ. కిరీటం కోసం కొట్టుకున్నారు. దానికి గులాబీల యుద్ధాలని పేరు. దాయాదుల పోరు అనగానే మన బుర్రకు ఇంక వేరే వివరణ అక్కర్లేదు. కురుక్షేత్రం నుంచి పల్నాడు దాకా అలాంటి కథలు వింటూ పెరిగినవాళ్ళం కాబట్టి అంతా అర్థమైపోయినట్టే అనిపిస్తుంది. అలా అర్థమైపోయినట్టు అనిపించడమే ఇక్కడ మనల్ని దారి తప్పిస్తుందని నా వాదన. ఈ పదేళ్ళలో తొమ్మిదేళ్ళ పైచిలుకు కాలం కిరీటం ఎవరిదన్న ప్రశ్నను యార్క్ డ్యూక్ బాహాటంగా ఎత్తనేలేదు. రాజ్యం దివాలా తీసి, న్యాయం అడుగంటి, రాజు మనసు ఆగిపోయి, మిగిలిన దారులన్నీ మూసుకుపోయాక ఆఖరున బయటికి తీసిన పాత దస్తావేజు అది.

ముందు అప్పుల సంగతి చెప్పాలి. 1449 నవంబరులో మొదలైన పార్లమెంటు ముందు పెట్టిన లెక్కల ప్రకారం రాజుగారి అప్పు 3,72,000 పౌండ్లు. సుంకాలూ ప్రత్యేక పన్నులూ పక్కన పెడితే భూములూ హక్కుల మీద ఏటా వచ్చే మామూలు రాబడి 5,000 పౌండ్లు. రాజుగారి ఇంటి ఖర్చే ఏడాదికి 24,000. ఫ్రాన్సుతో తరాలుగా సాగుతున్న యుద్ధం ఖజానాను పిండేసింది. దానికి తోడు, ఎవరడిగినా కాదనలేని ఈ రాజు భూములనూ పదవులనూ చుట్టూ ఉన్నవాళ్ళకు పంచిపెట్టాడు. తొమ్మిది నెలల పసివాడిగా గద్దెనెక్కిన హెన్రీ భక్తిపరుడు, మెత్తనివాడు. ఈటన్ పాఠశాలనూ కేంబ్రిడ్జిలో కింగ్స్ కళాశాలనూ స్థాపించినవాడు. మంచివాడు కాడని ఎవరూ అనలేదు. మంచితనంతో సరిపెట్టుకునే ఉద్యోగం కాదది.

ఆనాటి ఖజానా బాకీ తీర్చే పద్ధతిని దగ్గరగా చూస్తే తప్ప ఆ అంకెల బరువు తెలియదు. రాజు మీకు డబ్బు ఇవ్వాలనుకోండి. ఖజానాలో నాణేలు ఉండవు కాబట్టి గాట్లు పెట్టిన ఒక కర్రముక్కను మీ చేతిలో పెట్టేవారు. ఎంత మొత్తమో ఆ గాట్ల వెడల్పును బట్టి తెలుస్తుంది. ముక్కను నిలువునా చీల్చి ఒక సగం మీకిచ్చి, రెండో సగం ఖజానాలో దాచేవారు. దీన్ని టాలీ అనేవారు. ఆ సగాన్ని పట్టుకుని మీరు ఏదో రేవులో సుంకం వసూలు చేసే అధికారి దగ్గరికి వెళ్ళాలి. అతను సొమ్ము చెల్లించి, కర్రను తీసుకుని, లెక్కల రోజున దాన్నే రసీదుగా చూపించుకుంటాడు. అయితే అదే రేవు రాబడి మీద మీకంటే ముందు పదిమందికి కర్రలిచ్చి ఉంటే అక్కడ మీకు దొరికేది ఏమీ లేదు. తిరిగొచ్చి పాత కర్ర అప్పజెప్పి కొత్త కర్ర తీసుకోవాలి. రాజుకు దగ్గరగా మసిలేవాడికి డబ్బున్న రేవు మీద కర్ర దొరుకుతుంది, దూరంగా ఉన్నవాడికి వట్టిపోయిన రేవు మీద దొరుకుతుంది. కొలువులో ఎవరి మాట చెల్లుతుందన్నది గౌరవానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, చేతికి సొమ్ము అందుతుందా లేదా అన్న విషయం కూడా.

యార్క్ డ్యూక్ కోపానికి మూలం ఇక్కడుంది. అతను నార్మండీలో రాజప్రతినిధిగా సొంత డబ్బు పోసి సైన్యాన్ని నిలబెట్టాడు. రాజు అతనికి దాదాపు 38,000 పౌండ్లు బాకీ పడ్డాడు. అతని తరవాత అదే పదవిలోకి వచ్చిన సోమర్సెట్ డ్యూక్ ఎడ్మండ్ బోఫోర్ట్ 1449 అక్టోబరులో రూయన్ నగరాన్ని ఫ్రెంచివాళ్ళకు అప్పగించాడు, మరుసటి ఏడాది నార్మండీ మొత్తం పోయింది, అయినా ఇంటికొచ్చి రాజుకు కుడిభుజమయ్యాడు. యుద్ధరంగంలో ఖర్చుపెట్టినవాడు గుమ్మం బయట, పోగొట్టుకొచ్చినవాడు లోపల. ఇందులో మూడవ ఎడ్వర్డ్ వంశవృక్షం ఎక్కడుంది?

1450 ఎంత భయంకరమైన సంవత్సరమో చెప్పడానికి మూడు చావులు చాలు. జనవరిలో పోర్ట్స్‌మౌత్ రేవులో సైనికులకు జీతం డబ్బు పట్టుకెళ్ళిన బిషప్ ఆడమ్ మోలిన్స్‌ను బకాయిలందని ఆ మనుషులే చంపేశారు. మే నెలలో, ప్రభుత్వాన్ని నడిపిన సఫోక్ డ్యూక్ విలియమ్ ద లా పోల్ దేశబహిష్కార శిక్ష మీద ఓడలో వెళ్తుండగా మరో ఓడవాళ్ళు అడ్డగించి, చిన్న పడవలోకి దింపి, తుప్పు పట్టిన కత్తితో ఐదారు వేట్లు వేసి తల నరికి, మొండాన్ని డోవర్ ఇసుకలో పడేశారు. జూలైలో, జాక్ కేడ్ నాయకత్వాన కెంట్ ప్రాంతపు జనం లండన్‌లోకి చొరబడి కోశాధికారి లార్డ్ సే తల నరికించారు. ఆ జనాన్ని అలగా మూకగా తోసిపుచ్చే రాతలు చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. వాళ్ళు రాసుకొచ్చిన విన్నపం చదవండి. రాజు చట్టం పోయింది, వ్యాపారం పోయింది, సముద్రం పోయింది, ఫ్రాన్సు పోయింది, తిండికీ తాగడానికీ చెల్లించలేని స్థితిలో రాజు ఉన్నాడు అని వరసగా చెప్పుకున్నారు. ఆ మాటల్లో అబద్ధం ఏదీ నాకు కనిపించదు.

నా వాదనకు ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. కేడ్ తన పేరు జాన్ మార్టిమర్ అని చెప్పుకున్నాడు. మార్టిమర్ అంటే యార్క్ డ్యూక్ తల్లి పుట్టిల్లు. మూడవ ఎడ్వర్డ్ కొడుకుల్లో లాంకాస్టర్ శాఖ మూలపురుషుడు జాన్ ఆఫ్ గాంట్‌కంటే పెద్దవాడైన లయొనెల్ కూతురి ద్వారా వచ్చిన వంశం. 1451లో బ్రిస్టల్ ప్రతినిధి థామస్ యంగ్ యార్క్ డ్యూక్‌ను వారసుడిగా గుర్తించమని పార్లమెంటులో అడిగి జైలుకు కూడా వెళ్ళాడు. కాబట్టి వారసత్వం మాట అప్పటికే జనం నోళ్ళలో ఉందనేది నిజం. కాని యంగ్ అడిగింది రాజు తరవాత ఎవరని. అప్పటికి హెన్రీకి పిల్లలు లేరు, బాబాయిలంతా పోయారు. ఏ బాధ్యతగల మనిషైనా అడగవలసిన ప్రశ్నే అది. ఉన్న రాజును దించమని అడగడం పూర్తిగా వేరు. 1452లో డార్ట్‌ఫర్డ్ దగ్గర సైన్యంతో నిలబడినప్పుడు కూడా డ్యూక్ అడిగింది సోమర్సెట్‌ను పట్టి విచారించమనే. ఆ తరవాత లండన్‌లోని సెయింట్ పాల్ చర్చిలో అందరి ముందూ విధేయత ప్రమాణం చేశాడు.

1453 జూలై 17న కాస్తియోన్ దగ్గర ముసలి సేనాని టాల్బట్ ఫ్రెంచి ఫిరంగుల మీదికి వెళ్ళి చనిపోయాడు. మూడు వందల ఏళ్ళుగా ఇంగ్లండ్ రాజులదైన గాస్కొనీ పోయింది. మరుసటి నెలలో, సాల్స్‌బరీ దగ్గరి క్లారెండన్‌లో ఉండగా, రాజు మనసు హఠాత్తుగా ఆగిపోయింది. మాట లేదు, గుర్తుపట్టడం లేదు. అతని తల్లికి తండ్రి అయిన ఫ్రాన్సు రాజు ఆరవ చార్లెస్ కూడా ఏళ్ళ తరబడి మతి తప్పినవాడే. అక్టోబరులో రాణి మార్గరెట్‌కు కొడుకు పుట్టాడు. జనవరిలో విండ్సర్ కోటలో బకింగ్‌హామ్ డ్యూక్ పసివాణ్ణి ఎత్తుకుని రాజు ముందు నిలబడి ఆశీర్వదించమని వేడుకున్నాడు. జవాబు లేదు. తరవాత రాణి తన చేతుల్లోకి తీసుకుని అదే వేడుకుంది. రాజు ఒక్కసారి పిల్లవాడి వైపు చూసి, మళ్ళీ కళ్ళు దించేసుకున్నాడని అప్పటి లేఖ ఒకటి చెబుతోంది.

ఆ గదిలో నిలబడిన ఇరవై మూడేళ్ళ తల్లిని గురించి చరిత్రకారులు చాలాకాలం కటువుగా రాశారు. పొగరుబోతు, విదేశీయురాలు, పగబట్టిన ఆడది అన్న మాటలే ఎక్కువ. నాకలా అనిపించదు. భర్త బతికి ఉండీ లేడు, చేతిలో మూడు నెలల బిడ్డ, ఆ బిడ్డకు ముందువరకు వారసుడిగా చూడబడ్డవాడే రేపు రాజ్యాన్ని ఏలబోతున్నాడు. పరిపాలన తనకివ్వమని ఆమె అడిగింది, ఇవ్వలేదు. ఆమె స్థానంలో ఉన్న ఏ తల్లి డ్యూక్‌ను నమ్మి నిద్రపోగలదు?

మార్చిలో ప్రభువుల బృందం ఒకటి విండ్సర్ వెళ్ళి రాజును మూడుసార్లు పలకరించి, ఒక్క మాటైనా, ఒక్క సైగైనా రాబట్టలేక తిరిగొచ్చింది. యార్క్ డ్యూక్‌ను రాజ్య సంరక్షకుడిగా నియమించారు. ఆ తొమ్మిది నెలలూ అతను తప్పు లేకుండానే ఏలాడు. గద్దె మీద కన్నుంటే అంతకంటే మంచి అదను దొరకదు. 1454 క్రిస్మస్‌కు రాజు తేరుకున్నాడు, కొడుకు పేరేమిటని అడిగి చేతులెత్తి దేవుడికి దండం పెట్టుకున్నాడు. ఈ మధ్యలో జైలుపాలైన సోమర్సెట్ బయటికొచ్చాడు, అంతా మళ్ళీ మొదటికొచ్చింది.

1455 మే 22న సెయింట్ ఆల్బన్స్ వీధుల్లో జరిగినదాన్ని యుద్ధమనడానికి నాకు కొంచెం సంకోచమే. యార్క్ పక్షాన ఉన్న వార్విక్ ఎర్ల్ మనుషులు పెరటి తోటల గుండా దూసుకొచ్చారు. రాజు మెడకు బాణం తగిలింది, అతన్ని తోళ్ళు పదునుచేసే ఒక మనిషి ఇంట్లోకి చేర్చారు. చచ్చినవాళ్ళు వందకు అటూ ఇటూ ఉంటారు, కాని సోమర్సెట్, నార్తంబర్లండ్, క్లిఫర్డ్ ముగ్గురూ అందులో ఉన్నారు. నార్తంబర్లండ్ పెర్సీలకూ వార్విక్ ఇంటి నెవిల్‌లకూ ఉత్తరాన భూముల తగాదా అప్పటికి రెండేళ్ళుగా రగులుతోంది. గాయపడిన రాజు చేతికి చిక్కాడు, డ్యూక్ అతని ముందు మోకరిల్లి క్షమాపణ అడిగాడు. కిరీటం కోసమే అయితే ఆ మోకరిల్లడం ఎందుకు? అలాగని అతన్ని నేను వెనకేసుకురాను. ఎంచి ముగ్గురిని చంపడంతో ముగ్గురు కొడుకులకు తండ్రి రక్తం బాకీగా మిగిలింది. దానికి బాధ్యుడు అతనే.

డెవన్‌లో జరిగిన ఒక ఇంటి కథ చెబితే ఆ కాలపు రోగం కంటికి కనబడుతుంది. అక్కడ డెవన్ ఎర్ల్ కోర్టినే కుటుంబానికీ లార్డ్ బోన్‌విల్‌కూ ఆధిపత్యపు తగాదా. నికొలస్ రాడ్‌ఫర్డ్ అనే వయసు మళ్ళిన న్యాయవాది బోన్‌విల్‌కు సలహాదారు. అయినా ఎర్ల్ కొడుకుల్లో ఒకడికి జ్ఞానపిత కూడా. 1455 అక్టోబరు 23 రాత్రి ఎర్ల్ పెద్దకొడుకు థామస్ కోర్టినే దాదాపు వందమందితో వచ్చి రాడ్‌ఫర్డ్ ఇంటి వాకిలి తలుపుకు నిప్పు పెట్టాడు. కిటికీలోంచి ముసలాయన ఎవరని అడిగాడు. నీకూ నీ సొత్తుకూ ఏ హానీ జరగదని కోర్టినే తన మర్యాద మీద ఒట్టేశాడు. ఆ మాట నమ్మి ఆయన దివిటీ పట్టుకుని కిందికి వచ్చి తలుపు తీశాడు. కోర్టినే ఆయనతో మాటలు కలుపుతూ ఆయన ద్రాక్షసారా తాగుతుండగా మనుషులు ఇల్లు దోచారు. మంచాన పడి ఉన్న ఆయన భార్యను పక్కకు దొర్లించి దుప్పట్లు కూడా లాక్కున్నారు. తరవాత మా నాన్న దగ్గరికి రమ్మని బయలుదేరదీశారు. గుర్రాలన్నీ దోచేశారు కాబట్టి ఆయన నడిచే వెళ్ళాలి. రాయి విసిరితే పడేంత దూరం పోగానే కోర్టినే గుర్రాన్ని దౌడు తీయించి వెళ్ళిపోయాడు, అతని మనుషులు ముసలాయన మీద పడి గొంతు కోశారు. కొన్ని రోజుల తరవాత శవం ఉన్న చోటికి ఎవరొచ్చారనుకుంటున్నారు? ఆయన ఎత్తుకుని జ్ఞానస్నానం చేయించిన హెన్రీ కోర్టినేయే. ఉత్తుత్తి విచారణ నడిపి, నౌకర్ల చేతనే శవాన్ని మోయించి, గుంటలో పడేసి, సమాధి కోసం ఆయన తెచ్చిపెట్టుకున్న రాళ్ళనే మీద దొర్లించి గుర్తుపట్టలేకుండా నలగ్గొట్టించాడు.

చనిపోయినవాడు జీవితమంతా చట్టం చదివినవాడు. ఆయనకు రక్షణ అన్నది పక్కజిల్లా అధికారి నుంచి రాలేదు, న్యాయస్థానం నుంచి రాలేదు, రాజు నుంచి రాలేదు. ఆ నవంబరులో డెవన్ అల్లర్లే కారణంగా చూపించి సామాన్యుల సభ యార్క్ డ్యూక్‌ను రెండోసారి సంరక్షకుడిగా పెట్టించింది. మూడు నెలలకే ఆ పదవి పోయింది. ఇంకో సంగతి గమనించండి. 1452లో డార్ట్‌ఫర్డ్ దగ్గర ఈ డెవన్ ఎర్ల్ యార్క్ పక్షాన నిలిచాడు, బోన్‌విల్ అప్పట్లో రాజు మనిషి. తరవాతి యుద్ధాల నాటికి కోర్టినేలు రాణి పక్షం, బోన్‌విల్ యార్క్ పక్షం. నా పక్కింటి శత్రువు అటుంటే నేనిటుంటాను అన్న లెక్క తప్ప, లయొనెల్ కూతురి వంశమా జాన్ ఆఫ్ గాంట్ వంశమా అని వీళ్ళెవరూ ఆలోచించుకోలేదు.

1458 మార్చిలో రాజు తన జీవితంలో బహుశా ఒకే ఒక్క పెద్ద ప్రయత్నం సొంతంగా చేశాడు. శత్రువులందరినీ లండన్‌కు రప్పించి, రాజీ కుదిర్చి, సెయింట్ పాల్ చర్చికి జంటలు జంటలుగా నడిపించాడు. రాణి యార్క్ డ్యూక్ చెయ్యి పట్టుకుని నడిచింది. సెయింట్ ఆల్బన్స్ మృతుల ఆత్మశాంతికి అక్కడి మఠానికి ఏటా 45 పౌండ్లు ఇవ్వాలన్నారు. సోమర్సెట్ కుటుంబానికి డ్యూక్ 5,000 మార్కుల పరిహారం ఇవ్వాలన్నారు. అంటే దాదాపు 3,333 పౌండ్లు. దాన్ని అతను దేనితో చెల్లించాలని నిర్ణయమైందో తెలుసా? టాలీలతో. రాజు అతనికి బాకీ ఉండి తీర్చలేకపోయిన ఆ గాట్ల కర్రలే తండ్రి చావుకు పరిహారంగా కొడుకు చేతికి వెళ్ళాయి. ఆ రాజీ నిలవలేదంటే ఆశ్చర్యపోవలసిందేమీ లేదు.

మిగిలిన కథ వేగంగా నడిచింది. 1459 సెప్టెంబరులో బ్లోర్ హీత్ దగ్గర యుద్ధం. అక్టోబరులో లడ్‌ఫర్డ్ వంతెన దగ్గర, ఫ్రాన్సు తీరాన ఇంగ్లండ్ చేతిలో ఉన్న కలే రేవు నుంచి డ్యూక్ పక్షాన వచ్చిన సైనికులు రాజు మీద కత్తి ఎత్తలేమని రాత్రికి రాత్రి అవతలికి వెళ్ళిపోవడంతో డ్యూక్ ఐర్లండ్‌కూ, అతని పెద్దకొడుకు ఎడ్వర్డ్, వార్విక్ కలేకూ పారిపోయారు. నవంబరులో కోవెంట్రీ పార్లమెంటు వాళ్ళను ద్రోహులుగా ప్రకటించింది. నా లెక్కలో అసలు మలుపు ఇదే. ఆ ప్రకటనతో మనిషి ప్రాణం, పదవి మాత్రమే కాదు, రక్తమే చెడినట్టు. కొడుకులకు గజం నేల కూడా దక్కదు. అప్పటిదాకా రాజు చుట్టూ ఉన్నవాళ్ళను మార్చమన్నవాడికి, ఇంక రాజునే మార్చితే తప్ప కొడుకుల ముఖం చూడలేని స్థితి వచ్చింది. 1460 జూన్‌లో వార్విక్, ఎడ్వర్డ్ తిరిగొచ్చారు. జూలై 10న నార్తాంప్టన్‌లో, వానకు రాజు ఫిరంగులు తడిసి పనికిరాకుండా పోగా, లార్డ్ గ్రే అటువైపు నుంచి ఇటు మారగా, అరగంటలో యుద్ధం ముగిసింది. అప్పుడు కూడా గెలిచినవాళ్ళు హెన్రీని రాజుగానే పిలిచి మోకరిల్లారు.

అందుకే అక్టోబరులో ఆ దిండు మీద చెయ్యి పడినప్పుడు సభ నోరు తెరవలేదు. పదేళ్ళుగా వాళ్ళు విన్నది బకాయిల గురించి, చెడ్డ సలహాదారుల గురించి. హక్కు గురించి కాదు. ప్రభువులు ఆ వాదనను న్యాయమూర్తుల ముందు పెడితే, ఇది మా స్థాయికి మించిందన్నారు. పెద్ద న్యాయవాదులను అడిగితే, న్యాయమూర్తులకు మించింది మాకు మించదా అన్నారు. ఇన్నాళ్ళూ లయొనెల్ వంశచిహ్నాన్ని ఎందుకు ధరించలేదని డ్యూక్‌నే సూటిగా అడిగారు. హక్కు కొంతకాలం మౌనంగా ఉన్నంతమాత్రాన కుళ్ళిపోదు అన్నాడతను. చివరికి హెన్రీ బతికున్నన్నాళ్ళూ రాజుగా ఉంటాడనీ, తరవాత యార్క్ సంతానం ఏలాలనీ ఒప్పందం చేశారు. రాణి కొడుకు, ఏడేళ్ళ పిల్లవాడు, తుడిచిపెట్టుకుపోయాడు. ఆ సంతకంతోనే యుద్ధం మొదటిసారిగా నిజంగా కిరీటం కోసం యుద్ధమైంది.

డిసెంబరు 30న వేక్‌ఫీల్డ్ దగ్గర యార్క్ డ్యూక్ చనిపోయాడు. తల నరికి, కాగితపు కిరీటం పెట్టి, యార్క్ నగరపు మికిల్‌గేట్ ద్వారం మీద నిలబెట్టారు. ఆ రోజు అతన్ని ఓడించిన ప్రభువుల్లో థామస్ కోర్టినే కూడా ఉన్నాడు, అప్పటికి తండ్రి పోయి అతనే డెవన్ ఎర్ల్. బోన్‌విల్ కొడుకూ మనవడూ అదే పొలంలో చచ్చారు. మూడు నెలల తరవాత, 1461 మార్చి 29న, మట్టల ఆదివారం నాడు టౌటన్‌లో మంచు కురుస్తుండగా ఎడ్వర్డ్ గెలిచాడు. మికిల్‌గేట్ మీంచి తండ్రి తలను దింపించి, ఆ చోట పెట్టించిన తలల్లో కోర్టినేది ఒకటి. కొత్త రాజుకు ఎదురు నిలిచిన ద్రోహానికి అతనికి శిక్ష పడింది. రాడ్‌ఫర్డ్ ఇంటి తలుపు కాల్చిన రాత్రికి సంబంధించి అతనికి ఎప్పుడో క్షమాభిక్ష దొరికింది.